జార్జియాలో వైన్ కాగులను భూమిలో ఎందుకు పాతుతారు?

వైన్ పులిసేటప్పుడూ, నిల్వ ఉన్నప్పుడూ చల్లదనం ఒకే తీరుగా ఉండాలని జార్జియా దేశంలో (అమెరికాలోని రాష్ట్రం కాదు) 'క్వెవ్రీ' అనే మట్టి కాగులను మూతి దాకా భూమిలో పాతుతారు. ద్రాక్షరసం పులుస్తుంటే వేడి పుడుతుంది. అది మితిమీరితే రుచి చెడుతుంది. చుట్టూ ఉన్న మట్టి ఆ వేడిని లాగేస్తుంది. పైగా వేల లీటర్లు పట్టే కాగు పగలకుండా ఆ మట్టే ఆసరా.

అడుగు కోసుగా ఉండటానికీ కారణముంది. ఉదాహరణకు, కఖేతీ ప్రాంతంలో ర్కాత్సితేలి అనే తెల్లద్రాక్షను చిదిమి, తొక్కలు, గింజలతో సహా కాగులో పోసి ఐదారు నెలలు ఉంచుతారు. గింజలు కొసలోకి దిగుతాయి, వాటిమీద మడ్డి పేరుకుంటుంది. అందుకే వాటి చేదు వైన్‌కు అంతగా ఎక్కదు. తొక్కల వల్ల రంగు మాత్రం తేనెరంగుకు తిరుగుతుంది. 2013లో యునెస్కో గుర్తించిన పద్ధతి ఇదే.

నాపరేవులి లాంటి ఊళ్లలోని మ్యూజియంలలో బయట పెట్టిన కాగులు చూసి, వీటిలో వైన్ రవాణా చేసేవారని చాలామంది అనుకుంటారు. అది గ్రీకుల 'ఆంఫొరా' అనే జాడీల పని. క్వెవ్రీని పాతాక కదిలించరు. పెద్దవాటిని కడగాలంటే మనిషే లోపలికి దిగాలి.