లూయిస్-క్లార్క్ యాత్రలో యార్క్ ఉత్త నౌకరేనా?

కాదు, 1804–06లో లూయిస్, క్లార్క్ అనే సైనికాధికారుల నాయకత్వంలో అమెరికాలోని మిస్సోరీ నది వెంట పసిఫిక్ తీరం దాకా వెళ్లొచ్చిన ఆ బృందంలో, క్లార్క్ బానిస అయిన యార్క్ తుపాకీ పట్టి వేటాడాడు, నదిలో ఈదుకుంటూ వెళ్లి ఇసుకమేట మీది ఆకుకూర కోసుకొచ్చాడు, జబ్బుపడ్డ సార్జెంట్ ఫ్లాయిడ్‌ని దగ్గరుండి చూసుకున్నాడు. 1805 నవంబర్‌లో చలికాలం మకాం ఎక్కడ అని అందరినీ అడిగినప్పుడు అతని మాట కూడా పేరుతో సహా రాసుకున్నారు.

మరి గుర్తింపు ఎందుకు రాలేదంటే, చట్టం లెక్కలో అతను క్లార్క్ ఆస్తి, అంతే. సైనికులకు రెట్టింపు జీతం, తలా 320 ఎకరాలు దక్కాయి, యార్క్‌కి పైసా రాలేదు.

తిరిగి రాగానే క్లార్క్ అతన్ని విడుదల చేశాడని చాలామంది అనుకుంటారు, అదీ తప్పే. ఏళ్ల తరబడి బానిసగానే ఉంచాడు. లూయివిల్‌లో ఉన్న భార్య దగ్గరికి వెళ్తానంటే చిరాకుపడ్డాడు, ఆ రోజుల్లోనే కొట్టాడు కూడా. ఇదంతా క్లార్క్ తన అన్నకు రాసుకున్న ఉత్తరాల్లోనే ఉంది.