స్కూల్ ఫ్రెండ్స్ పెట్టుకున్న అమ్మాయిల రాక్ బ్యాండ్ ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ప్రశ్న: మా చెల్లెలు ఇంటర్ చదువుతోంది. స్కూల్లో తనతో చదివిన అమ్మాయిలతో కలిసి రాక్ బ్యాండ్ పెట్టింది. "నాలుగు రోజుల ముచ్చట, తర్వాత ఎవరి చదువులు వాళ్ళవి, ఎవరి పెళ్ళిళ్ళు వాళ్ళవి" అంటున్నారు ఇంట్లో. అందరూ అమ్మాయిలే ఉండి, స్కూల్ స్నేహంతో మొదలై, చాలా ఏళ్ళు నడిచిన బ్యాండ్ ఎక్కడైనా ఉందా? ఉంటే ఎలా నడిచింది?

జవాబు:

ఉంది. ఇంగ్లండ్‌లో గర్ల్‌స్కూల్ అనే బ్యాండ్. 1978లో ఆ పేరు పెట్టుకున్నారు, 2023లో కూడా కొత్త ఆల్బమ్ తెచ్చారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు. కాకపోతే కథ మొత్తం విన్నాక వాళ్ళు స్థిమితపడతారో, ఇంకాస్త కంగారు పడతారో మాత్రం చెప్పలేను.

నా సంగతి కొంచెం చెప్పాలి. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నేను కూడా ఇలాంటి బ్యాండ్‌లోనే బేస్ గిటార్ వాయించాను. అందరం ఒకే స్కూలు, ఒకే కాలనీ. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు వచ్చేసరికి ఒకరు పూణే, ఒకరు చెన్నై వెళ్ళారు, బ్యాండ్ అటకెక్కింది. గొడవలేమీ లేవు. తర్వాత ఉద్యోగరీత్యా లండన్‌లో ఉన్నప్పుడు గర్ల్‌స్కూల్‌ని ఒక చిన్న క్లబ్‌లో చూశాను. అరవై ఏళ్ళ వయసున్న ఆడవాళ్ళు తోలు జాకెట్లు వేసుకుని చెవులు చిల్లులు పడేలా వాయిస్తుంటే, నా పక్కన నెరిసిన గడ్డాలవాళ్ళు ప్రతి పాటా కంఠతా పాడుతున్నారు. ఆ రాత్రి నుంచే వాళ్ళ చరిత్ర తవ్వడం మొదలుపెట్టాను.

దక్షిణ లండన్‌లో వాండ్స్‌వర్త్ అనే పేట ఉంది. కిమ్ మకాలిఫ్, ఎనిడ్ విలియమ్స్ అక్కడి స్కూల్ స్నేహితులు. 1975లో పెయింటెడ్ లేడీ పేరుతో బ్యాండ్ మొదలుపెట్టారు. కిమ్‌ది రిథమ్ గిటార్, ఎనిడ్‌ది బేస్, ఇద్దరూ పాడతారు. పబ్బుల్లో ఎవరెవరివో పాటలు వాయించేవాళ్ళు. అమ్మాయిలతోనే బ్యాండ్ పెట్టాలన్న సిద్ధాంతమేదీ వాళ్ళకు లేదు. కలిసి వాయించడానికి అబ్బాయిలెవరూ ముందుకు రాలేదు, అంతే. కిమ్ తర్వాత ఈ మాట నవ్వుతూ చెప్పేది.

ఆ పెయింటెడ్ లేడీలోకి వచ్చి వెళ్ళినవాళ్ళను చూస్తే ఆశ్చర్యమేస్తుంది. గిటారిస్ట్ డియర్‌డ్రా కార్ట్‌రైట్ తర్వాత జాజ్ వైపు వెళ్ళి, బీబీసీలో సంగీతం నేర్పే రాక్‌స్కూల్ కార్యక్రమానికి వ్యాఖ్యాత అయింది. టెక్సస్ నుంచి వచ్చిన కాథీ వాలెంటైన్ కొన్నాళ్ళు వాయించి అమెరికా తిరిగి వెళ్ళిపోయింది. అక్కడ ఆమె చేరిన ది గో-గోస్ అనే బ్యాండ్ మొదటి ఆల్బమ్ 1982లో అమెరికా చార్టులో ఒకటో స్థానానికి ఎక్కింది. అంటే ఆ పేట పబ్బుల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక కవర్ బ్యాండ్ ఎంతమందికి బడి అయిందో చూడండి. మీ చెల్లెలి బ్యాండ్ రేపు విడిపోయినా, అందులో వాయించిన రోజులు ఊరికే పోవని చెప్పడానికి నాకు ఈ ముక్క చాలు.

1978లో లీడ్ గిటార్‌కి కెల్లీ జాన్సన్, డ్రమ్స్‌కి డెనీస్ డూఫోర్ట్ వచ్చారు. పేరు మార్చారు. పాల్ మెకార్ట్‌నీ బ్యాండ్ వింగ్స్ అంతకు ముందు ఏడాది తెచ్చిన సింగిల్‌కి (ఒకటి రెండు పాటల చిన్న రికార్డుకి) రెండోవైపు ఉన్న పాట నుంచి ఆ పేరు తీసుకున్నారు. అదే ఏడాది చివర్లో సిటీ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ ద్వారా సొంత సింగిల్ వేశారు. అది మోటర్‌హెడ్ బ్యాండ్ నాయకుడు లెమ్మీ చెవిన పడింది. వీళ్ళ రిహార్సల్ చూడటానికి వచ్చాడు, నచ్చింది, 1979 ఓవర్‌కిల్ టూర్‌లో తమకంటే ముందు వాయించే అవకాశమిచ్చాడు. మోటర్‌హెడ్ అభిమానులంటే మామూలు గుంపు కాదు. తమ బ్యాండ్ కోసం ఎదురుచూస్తూ ముందు ఎవరొచ్చినా అరిచి దింపేసే రకం. వాళ్ళ ముందు ఇరవై ఏళ్ళ అమ్మాయిలు రాత్రి తర్వాత రాత్రి వాయించి నిలబడ్డారు. ఎంత టెన్షన్ పడి ఉంటారో, ఓపెనింగ్ బ్యాండ్‌గా ఒక్కసారి వాయించినవాళ్ళకైనా అర్థమవుతుంది.

బ్రాంజ్ రికార్డ్స్ అనే కంపెనీ గర్ల్‌స్కూల్‌ని తీసుకుంది. 1980లో మొదటి ఆల్బమ్ డిమాలిషన్. 1981 ఏప్రిల్‌లో హిట్ అండ్ రన్, బ్రిటిష్ చార్టులో అయిదో స్థానం. ఆ ఆగస్టులో ఇంగ్లండ్‌లో జరిగే పెద్ద రాక్ పండుగ రెడింగ్ ఫెస్టివల్‌లో శుక్రవారం రాత్రికి ప్రధాన బ్యాండ్ వాళ్ళే.

నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన ఘట్టం మాత్రం అదే ఏడాది ఫిబ్రవరిలో జరిగింది. మోటర్‌హెడ్, గర్ల్‌స్కూల్ కలిసి హెడ్‌గర్ల్ పేరుతో సెయింట్ వాలెంటైన్స్ డే మాసకర్ అని ఒక చిన్న రికార్డు చేశారు. మోటర్‌హెడ్ డ్రమ్మర్ ఫిల్ టేలర్ మెడకు దెబ్బ తగిలి వాయించలేని స్థితిలో ఉన్నాడు. దాంతో డ్రమ్స్ మొత్తం డెనీస్ వాయించింది. మోటర్‌హెడ్ అంటే అప్పట్లో లోకంలోనే అతి గట్టిగా, అతి వేగంగా వాయించే బ్యాండ్లలో ఒకటి. దాని డ్రమ్మర్ కుర్చీలో ఈ అమ్మాయి కూర్చుంది. రికార్డు చార్టులో అయిదో స్థానానికి వెళ్ళింది, బీబీసీ టాప్ ఆఫ్ ది పాప్స్‌లో కూడా అందరూ కలిసి కనిపించారు. వీలైతే ఆ వీడియో మీ చెల్లెలికి చూపించండి. వెనకాల కూర్చున్న డెనీస్‌ని చూడమనండి.

ఇది నాకెందుకంత ముఖ్యమంటే, ఒక కాలేజీ ఫెస్ట్‌లో మేము స్టేజీ ఎక్కబోతుంటే సౌండ్ చూసే అన్న వచ్చి, "ట్రాక్ పెన్‌డ్రైవ్‌లో ఉందా అమ్మా, ఫోన్‌లో ఉందా?" అని అడిగాడు. మా డ్రమ్మర్ చేతిలో కర్రలు ఉన్నాయి, నా మెడలో బేస్ వేలాడుతోంది. "ట్రాక్ లేదన్నా, మేమే వాయిస్తాం" అన్నాం. "అయితే వాయించే బాబులు ఎక్కడ, మైకులు పెట్టాలి" అని అటూ ఇటూ చూశాడు. చెడ్డవాడేం కాదు, అతను చూసిన అమ్మాయిలందరూ పాడేవాళ్ళే మరి. మా డ్రమ్మర్ ఏమీ మాట్లాడకుండా వెళ్ళి కూర్చుని, కిక్ డ్రమ్‌ని నాలుగుసార్లు తొక్కి, స్నేర్ మీద ఒక రోల్ వేసింది. అతను పరిగెత్తుకెళ్ళి మైకులు తెచ్చాడు. పాట అయ్యేదాకా డ్రమ్స్ పక్కనే నిలబడ్డాడు కూడా.

మళ్ళీ గర్ల్‌స్కూల్ దగ్గరికి. పైకి వెళ్ళిన కథ అక్కడితో అయిపోయింది. మీ ప్రశ్నకు అసలు జవాబు తర్వాతి కథలో ఉంది.

1982లో ఎనిడ్ వెళ్ళిపోయింది. బ్యాండ్ పెట్టిన ఇద్దరు స్కూల్ స్నేహితుల్లో ఒకరన్న మాట. ఆమె స్థానంలో గిల్ వెస్టన్ వచ్చింది. ఆ ఏడాది ఆల్బమ్ ఇరవై ఏడో స్థానంతో సరిపెట్టుకుంది. 1983లో అమెరికా మార్కెట్ మీద కన్నేసి, స్లేడ్ బ్యాండ్‌కి చెందిన నోడీ హోల్డర్, జిమ్ లీ నిర్మాతలుగా ప్లే డర్టీ చేశారు. కీబోర్డులు, కోరస్‌లు, నున్నగా పాలిష్ పట్టిన సౌండ్. నేను చాలాసార్లు విన్నాను, చెడ్డ రికార్డు అనను, కానీ హిట్ అండ్ రన్‌లో ఉన్న మొరటుతనం ఎవరో కడిగేసినట్టు ఉంటుంది. పాత అభిమానులు మొహం తిప్పుకున్నారు, అమెరికా వాళ్ళు ఎర్ర తివాచీ ఏమీ పరచలేదు. 1984లో కెల్లీ కూడా తప్పుకుంది. గిటార్ వాయించే తీరులోనూ, స్టేజీ మీద కనిపించే తీరులోనూ జనం కళ్ళన్నీ ఆమె మీదే ఉండేవి. అలాంటి మనిషి పోతే చాలా బ్యాండ్లు అక్కడే దుకాణం కట్టేస్తాయి.

వీళ్ళు కట్టలేదు. కిమ్, డెనీస్ ఉండిపోయారు. కొత్త గిటారిస్ట్ వచ్చింది, ఒక గాయని వచ్చి వెళ్ళింది, బేస్ వాయించేవాళ్ళు మారారు. ఆ పదేళ్ళ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చార్టులు లేవు. చిన్న హాళ్ళు, పొడుగాటి వ్యాను ప్రయాణాలు.

1993లో కెల్లీ తిరిగొచ్చింది. 2000 ప్రాంతంలో ఆమె మళ్ళీ తప్పుకుంటే జాకీ చాంబర్స్ లీడ్ గిటార్ అందుకుంది. అదే సమయంలో ఎనిడ్ తిరిగొచ్చింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత! మళ్ళీ రెండు దశాబ్దాల దాకా ఉండి, 2019లో వెళ్ళింది. ఆమె స్థానంలోకి వచ్చిన ట్రేసీ లాంబ్ కూడా కొత్త మనిషి కాదు, ఎనభైల చివర్లో ఇదే బ్యాండ్‌లో బేస్ వాయించింది. ఇంకో తమాషా ఏమిటంటే, ట్రేసీ మొదట్లో రాక్ గాడెస్ అనే ఇంకో అమ్మాయిల బ్యాండ్ మనిషి. ఆ బ్యాండ్‌ని కూడా అదే వాండ్స్‌వర్త్‌లో జోడీ, జూలీ టర్నర్ అనే అక్కాచెల్లెళ్ళు, స్కూల్ ఫ్రెండ్ అయిన ఈ ట్రేసీ కలిసి పెట్టుకున్నారు. ఆ పేట నీళ్ళలో ఏముందో!

కెల్లీ వెన్నెముక క్యాన్సర్‌తో 2007 జులైలో చనిపోయింది. నలభై తొమ్మిదేళ్ళు. మరుసటి ఏడాది గర్ల్‌స్కూల్ తెచ్చిన లెగసీ ఆల్బమ్‌ని ఆమె జ్ఞాపకార్థం చేశారు. లెమ్మీ, పేరున్న హెవీ మెటల్ గాయకుడు రానీ జేమ్స్ డియో, బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ అయోమీ వచ్చి వాయించారు, పాడారు. చార్టుల్లో లేని బ్యాండ్ కోసం అంత పెద్దవాళ్ళు రావడం నన్ను కదిలించింది.

ఇదంతా చూశాక నాకు అర్థమైంది ఇది. "మన నలుగురం ఎప్పటికీ కలిసే ఉంటాం" అని ఒట్టు పెట్టుకున్న బ్యాండ్, ఒకరు వెళ్ళగానే పడిపోతుంది. మాది అలాగే పడిపోయింది. ఒకరి బదులు ఇంకొకరిని తీసుకోవడమంటే ద్రోహమని అనుకునేవాళ్ళం. గర్ల్‌స్కూల్‌లో వెళ్ళేవాళ్ళు వెళ్ళారు, కానీ తిరిగి రాలేనంత కోపంతో వెళ్ళలేదు. ఉన్నవాళ్ళు ఖాళీలో ఇంకొకరిని కూర్చోబెట్టడానికి మొహమాటపడలేదు. ఇద్దరు మొండివాళ్ళు కదలకుండా కూర్చున్నారు. నిలబడటానికి స్నేహం కంటే ఈ మొండితనమే ఎక్కువ పనికొచ్చిందని నా అభిప్రాయం.

అయితే ఎంత మొండివాళ్ళకైనా సాధ్యపడని పరిస్థితులూ ఉంటాయి, అది దాచి మీకు ధైర్యం చెప్పలేను. కాశ్మీర్‌లో ప్రగాష్ అనే ముగ్గురు పదో తరగతి అమ్మాయిల బ్యాండ్ 2012 డిసెంబర్‌లో శ్రీనగర్ పోటీలో బహుమతి తెచ్చుకుంది. తర్వాత ఆన్‌లైన్‌లో తిట్లు, బెదిరింపులు, ఆపైన అక్కడి ముఫ్తీ ఫత్వా. 2013 ఫిబ్రవరికల్లా మానేశారు. వాళ్ళ తప్పేమీ లేదు. మరోపక్క ఇండొనేసియాలో పశ్చిమ జావా పల్లెటూరి ఇస్లామిక్ స్కూల్లో కలుసుకున్న ముగ్గురు అమ్మాయిలు 2014లో వాయిస్ ఆఫ్ బాచెప్రోట్ పెట్టారు. హిజాబ్‌తోనే మెటల్, అంటే బాగా గట్టిగా ఉండే రాక్ సంగీతం, వాయిస్తారు. వాళ్ళకూ బెదిరింపులు తప్పలేదు, కానీ వాళ్ళకు సంగీతం పరిచయం చేసిన స్కూల్ మాస్టారు వెంట నిలబడ్డారు. 2024లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో వాయించారు. ఇంట్లోనో బడిలోనో ఒక్క పెద్దవాళ్ళు వెనక ఉంటే ఎంత తేడా వస్తుందో ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. మీ చెల్లెలికి ఆ మనిషి మీరే కావచ్చు.

ఇక పనికొచ్చే మాటలు కొన్ని. డ్రమ్మర్‌ని కాపాడుకోండి. గిటార్ నేర్చుకున్న అమ్మాయిలు పది మంది దొరికితే డ్రమ్స్ వాయించే అమ్మాయి ఒక్కతి దొరకడం కష్టం. అపార్ట్‌మెంట్‌లో డ్రమ్ కిట్ పెడితే కింది ఫ్లాట్ వాళ్ళతో రోజూ పంచాయితీ, కాబట్టి ప్రాక్టీసుకి గంటకింత అని ఇచ్చే జామ్ రూమ్ చూసుకుని ఖర్చు అందరూ సమానంగా పంచుకోవాలి. మేము ఆ డబ్బులు ఒక పాత నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్ళం, దాని వల్ల డబ్బు గొడవ ఒక్కటి కూడా రాలేదు. కవర్లు, అంటే వేరేవాళ్ళ పాటలు, వాయిస్తూనే సొంత పాటలు చేసుకోమనండి. లెమ్మీ దాకా వెళ్ళింది సొంత పాటే. ఆ పాటలు ఎవరు రాశారు, బ్యాండ్ పేరు ఎవరిది అన్నవి స్నేహంగా ఉన్నప్పుడే ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది.

వినడానికైతే హిట్ అండ్ రన్‌తో మొదలుపెట్టమనండి. ఆ తర్వాత డిమాలిషన్‌లో రేస్ విత్ ద డెవిల్. అది వాళ్ళ సొంత పాట కాదు, గన్ అనే పాత బ్యాండ్‌ది. కానీ కెల్లీ గిటార్ విన్నాక అసలుది వెతుక్కోవాలని నాకైతే అనిపించలేదు. మీ చెల్లెలి బ్యాండ్‌లో బేస్ వాయించే అమ్మాయికి ఏదైనా సందేహం ఉంటే ఇక్కడే కింద అడగమనండి, తీరిక చూసుకుని జవాబిస్తాను.