చదువు సందేహాలు: ‘స్వయం’లో సైన్సు కోర్సులు

ప్రశ్న: కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో ఎన్‌పీటెల్ (ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే కార్యక్రమం) వారి కెమిస్ట్రీ కోర్సులో చేరాను. సర్టిఫికెట్ కోసం ఇంకేం చేయాలి? – బీఎస్సీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: చేరితే పాఠాలు తెరుచుకుంటాయి, అంతవరకే. పరీక్షకు విడిగా దరఖాస్తు పెట్టి ఫీజు కట్టాలి. వారం వారం శ్రద్ధగా చదివి కూడా ఈ సంగతి తెలియక గడువు దాటబెట్టుకునే పిల్లలున్నారు. అందుకే కోర్సు పేజీలో పరీక్ష దరఖాస్తు చివరి తేదీ చూసి ఇవాళే రాసి పెట్టుకోండి.

ఏ మెయిల్‌తో చేరారో దరఖాస్తూ దానితోనే నింపాలి. లేకపోతే అసైన్‌మెంట్ మార్కులు పరీక్ష మార్కులతో కలవవు. ఇంట్లో అందరిదీ ఒకే ఫోన్ అయితే నాన్నగారి జీమెయిల్‌తో చేరిపోవడం మామూలే. మీ పేరున సొంత మెయిల్ తెరిచాకే చేరండి. పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే రాయండి.

ఇక మార్కులు. 12 వారాల కోర్సులో మీకు బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్ల సగటును 25కి, పరీక్ష మార్కులను 75కి కుదిస్తారు. 25కి కనీసం 10, 75కి కనీసం 30 విడివిడిగా రావాలి. అసైన్‌మెంట్లలో 80 శాతంతో 20 తెచ్చుకున్నా, పరీక్షలో వందకు 38 వస్తే అది 28.5 అవుతుంది. మొత్తం 48.5 ఉన్నా సర్టిఫికెట్ రాదు. పాఠాలు మొదలయ్యే ముందు ఇచ్చే ‘వీక్ జీరో’ అసైన్‌మెంట్ ఈ లెక్కలోకి రాదు, కానీ వదలొద్దు. కోర్సుకు మీ పునాది చాలుతుందో లేదో అదే చెబుతుంది.

క్రెడిట్లు డిగ్రీలో కలవాలంటే చేరకముందే కాలేజీలో అడగండి. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2021 నిబంధనలు సెమిస్టరుకు 40 శాతం కోర్సుల వరకు ‘స్వయం’ ద్వారా చేయనిస్తాయి. కానీ ఏ కోర్సును ఒప్పుకోవాలన్నది మీ విశ్వవిద్యాలయం చేతిలో ఉంది.

ప్రశ్న: మా పల్లెలో సిగ్నల్ అంతంతమాత్రం. వీడియోలు ఆగిపోతున్నాయి. – కాట్రేనికోన

జవాబు: కాలేజీలోనో, సిగ్నల్ బాగుండే ఊళ్లోనో వారానికి సరిపడా పాఠాలు ఒకేసారి దించుకోండి. నాణ్యత మరీ తగ్గిస్తే బోర్డు మీద ఘాతాంకాలు, విద్యుదావేశాల గుర్తులు కనబడవు. 360పీ దగ్గర ఆపండి. ఇంట్లో డీడీ ఫ్రీ డిష్ ఉంటే పాఠాలు ప్రసారం చేసే స్వయంప్రభ టీవీ చానళ్లు వస్తాయి. రోజూ 4 గంటల కొత్త పాఠాలు వేసి, వాటినే మరో 5 సార్లు తిప్పుతారు. పొద్దున కరెంటు పోయినా రాత్రి చూడొచ్చు.

అసైన్‌మెంట్‌ను మాత్రం చివరి రాత్రికి ఉంచకండి. జులై సెమిస్టరు ఆఖరి వారాలు సరిగ్గా మన తుఫాన్ల రోజుల్లో పడతాయి. గడువులోపు ఎన్నిసార్లయినా పంపవచ్చు, చివరిసారి పంపినదే దిద్దుతారు. కనుక తెలిసినంతవరకు ముందే పంపేసి, తర్వాత సరిచేసుకోండి. జవాబులు ఎంచుకున్నాక ‘సబ్మిట్’ నొక్కకపోతే సున్నాయే.

ప్రశ్న: ఫిజిక్సు ప్రాక్టికల్స్ ఆన్‌లైన్లో నేర్చుకోవచ్చా? – పాలకొల్లు

జవాబు: పద్ధతి నేర్చుకోవచ్చు, చేతి నైపుణ్యం రాదు. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ‘ఫెట్’ (PhET) అనే ఆన్‌లైన్ ప్రయోగాల వెబ్‌సైటులో లోలకం ప్రయోగం ఉచితం. అందులో పొడవు మార్చి ఆవర్తన కాలం (ఒక డోలనానికి, అంటే ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి పట్టే సమయం) ఎలా మారుతుందో చూడండి. ఆ వెంటనే ఇంట్లో దారానికి బరువు కట్టి చేయండి. వేలాడదీసిన చోటు నుంచి బరువు మధ్య వరకు 1 మీటరు ఉండాలి, ముడి వరకు కాదు. 10 డిగ్రీలకు మించకుండా పక్కకు లాగి వదలండి. 20 డోలనాలకు దాదాపు 40 సెకన్లు పట్టాలి. 38 వస్తే వదిలినప్పుడే ‘ఒకటి’ అని లెక్క మొదలుపెట్టారన్నమాట, ‘సున్నా’తో మొదలుపెట్టండి. కంప్యూటర్లో ఈ తప్పు దొర్లదు, ల్యాబులో ఏటా దొర్లుతుంది.

ప్రశ్న: ఇంటర్ వరకు తెలుగు మీడియం. ఇంగ్లిషు పాఠాలు అందుతాయా? – రావులపాలెం

జవాబు: కొన్ని ఎన్‌పీటెల్ కోర్సుల పాఠాలకు తెలుగు అనువాదం కూడా ఉంది. కోర్సు ఎంచుకునే ముందే అది చూడండి. మొదటిసారి 4 వారాల కోర్సు తీసుకోండి, 12 వారాలది తర్వాతి సెమిస్టరులో చూసుకోవచ్చు.