ఏసీ లేకపోయినా నెలకు 200 యూనిట్లు దాటుతోంది, కరెంటు ఎక్కడికి పోతోంది?

ఏసీ లేదు, ఉన్నది రెండు గదులు, అయినా నెలనెలా 205, 215 యూనిట్లు వస్తున్నాయని రాశారు. సరిగ్గా ఏడాది క్రితం మా పరిస్థితీ ఇదే. హనుమకొండలో మా ఇల్లు, తెలంగాణలో నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు రావాల్సిన కుటుంబం మాది. ఒక నెల రీడింగు 218 వచ్చింది. 200 దాటితే పైనున్న 18 యూనిట్లకు మాత్రమే కాదు, ఆ నెల మొత్తానికీ డబ్బు కట్టాలి. వెయ్యి రూపాయలకు పైగా కట్టాం. పద్దెనిమిది యూనిట్ల కోసం అంత డబ్బు పోయిందంటే మనసు ఒప్పుకోలేదు.

అందరూ ఇచ్చే సలహాలు మాకూ ఇచ్చారు: ఫోను ఛార్జర్లు ప్లగ్గులోంచి తీసేయండి, లైట్లు తగ్గించండి అని. ఫోను పెట్టని ఛార్జరు లాగేది చాలా తక్కువ. పావు వాటు అనుకున్నా నెలకు 0.18 యూనిట్లే. వాటిని తీయడం మంచిదే, కానీ బిల్లు తగ్గుతుందని ఆశపెట్టుకోకండి. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు రోజుకు అయిదు గంటలు వెలిగినా నెలకు యూనిటున్నర కూడా కాదు. ఈ లెక్క ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఇరవైనాలుగు గంటలూ నడిచే వస్తువు ఏదైనా, 10 వాట్లే తీసుకున్నా నెలకు 7 యూనిట్లు తింటుంది. వెతకాల్సింది అలాంటి వాటిని.

ఎలా వెతకాలో మీటరే చెబుతుంది. దాని మీద చిన్న ఎర్ర దీపం మిణుకుమంటూ ఉంటుంది, పక్కనే ఒక అంకె రాసి ఉంటుంది. మాది 3200. అంటే ఆ దీపం 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్. ఒక మిణుకుకూ తరువాతి మిణుకుకూ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 1125ను ఆ సెకన్లతో భాగిస్తే ఆ క్షణంలో ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో వస్తుంది. మీ మీటరు అంకె వేరైతే 36 లక్షలను ముందు ఆ అంకెతో భాగించండి, 1125 బదులు ఆ వచ్చినది వాడండి.

ఒక రాత్రి పది గంటలకు ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసి, మెట్ల కింద ఉన్న మీటరు ముందు ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నాను. దీపం ఇక వెలగదనే అనుకున్నాను. పదిహేను సెకన్లకు మిణుకుమంది. మళ్లీ పదిహేనుకు. అంటే 75 వాట్లు. ఇంట్లో అందరూ చీకట్లో కూర్చుని ఉన్నా నెలకు 54 యూనిట్లు పోతున్నాయన్నమాట.

లోపల ఉన్న మా బాబును ఒక్కొక్కటే ఆపమన్నాను. టీవీ, సెట్ టాప్ బాక్సు ఉన్న స్విచ్చి ఆపాడు, పద్దెనిమిది సెకన్లయింది. దాదాపు 12 వాట్లు, అందులో ఎక్కువ భాగం బాక్సుదే. రిమోట్‌తో ఆపితే టీవీ బొమ్మ పోతుంది కానీ బాక్సు లోపల పని చేస్తూనే ఉంటుంది, ముట్టుకుంటే గోరువెచ్చగా తెలుస్తుంది. వైఫై రూటరు ఆపితే ఇరవై సెకన్లు దాటింది. ఇక మిగిలింది ఇన్వర్టరు. దాన్ని ఆపాక మూడు నిమిషాలు చూశాను, దీపం వెలగలేదు.

అంటే 55 వాట్లు ఇన్వర్టరువే! చలికాలమంతా మా పిల్లి దాని పైనే ముడుచుకుని పడుకునేది. వెచ్చగా ఉంటుంది కదా అని మా అత్తగారు అంటూనే ఉన్నారు. ఎందుకు వెచ్చగా ఉందని ఒక్కరమూ అడగలేదు. మెకానిక్ వచ్చి చూస్తే బ్యాటరీకి అయిదేళ్లు నిండాయి, నీళ్లు అడుగంటాయి, సెల్స్ దెబ్బతిన్నాయి. అలాంటి బ్యాటరీ నిండదు, ఛార్జరు ఆగదు. రాత్రీ పగలూ లాగిన కరెంటు వేడిగా మారిపోతోంది. కొత్త బ్యాటరీకి పన్నెండు వేలకు పైగా అయింది, ఆ నెల కష్టమే అనిపించింది. అది మార్చి, టీవీ చూడనప్పుడు గోడ స్విచ్చి ఆపడం మొదలుపెట్టాక తరువాతి రీడింగు 181. డిస్టిల్డ్ వాటర్ రెండు మూడు నెలలకోసారి చూసుకుని ఉంటే ఆ పాత బ్యాటరీయే మరికొంత కాలం వచ్చేదని మెకానిక్ అన్నాడు. మీ ఇంట్లో ఇన్వర్టరు ఉంటే ముందు దాని మీద చెయ్యి పెట్టి చూడండి.

పరీక్ష చేసేటప్పుడు ఒక జాగ్రత్త. ఇన్వర్టరు ప్లగ్గు మాత్రమే తీస్తే ఇంట్లోని లైట్లు, ఫ్యాన్లు బ్యాటరీ మీద నడుస్తాయి, లెక్క తప్పుతుంది. ముందు దాని ముఖం మీది బటన్ ఆపి, తరువాత గోడ స్విచ్చి ఆపండి. మీటరును కళ్లతో చూడటమే, వైర్ల జోలికి వెళ్లొద్దు.

ఆ తరువాతి పెద్ద ఖర్చు ఫ్యాన్లది. పాత ఫ్యాను దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. తక్కువ కరెంటు తీసుకునే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది కాబట్టి అదే గాలికి 11 సరిపోతాయి. ఇంట్లో ఫ్యాన్లన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు. ఎక్కువసేపు తిరిగేది ఏదో చూసి అదొక్కటి మార్చండి, మేము పడకగదిది మార్చాం. పెట్టెలాంటి పాత రెగ్యులేటరు ఉంటే, స్పీడు తగ్గించినా మిగిలేది తక్కువ, చాలా భాగం దాని వేడికే పోతుంది.

ఫ్రిజ్‌ను రాత్రి ఆపేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దానివల్ల లాభం లేదు. లోపలికి చేరిన వేడిని పొద్దున ఎలాగూ బయటికి తోయాలి, ఈలోగా పాలు, కూరలు పాడవుతాయి. తలుపు రబ్బరు వదులైందేమో చూడండి: కాగితం పెట్టి తలుపు మూసి లాగితే బిగుసుగా రావాలి. వెనక గోడకు జానెడు చోటు వదలండి. గీజరు ఉంటే, 15 లీటర్లు కాగడానికి అర యూనిటుకు పైగా పడుతుంది, స్నానానికి ముందు వేసి వెంటనే ఆపడమే. ట్యాంకు పొర్లిపోయేదాకా మోటారు వదిలేయకండి, రోజుకు పది నిమిషాలైనా ఒక హెచ్‌పీ మోటారు నెలకు నాలుగైదు యూనిట్లు వృథా చేస్తుంది.

కొత్త వస్తువు ఏదీ కొనకముందే ఒక రాత్రి మీటరు ముందు పావుగంట కూర్చోండి. ఎన్ని సెకన్లు వచ్చిందో, మీటరు మీది అంకె ఎంతో ఇక్కడ రాస్తే కలిసి లెక్క చూద్దాం. మాది ఇప్పుడు ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, టీవీ ఆపాక అరవై సెకన్లు దాటుతోంది. మిగిలిన దాంట్లో సగం వరకు రూటరుదే, బాబు చదువు కోసం దాన్ని మాత్రం ఆపడం లేదు.