మీరు చింపిన నోట్‌బుక్ నేను చదివాను

రాజాం నుంచి ఒక తండ్రి రాశారు: "మా బాబు ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఎప్పుడు చూసినా కార్ రేసుల గోలే. మోటార్‌స్పోర్ట్ ఇంజినీరింగ్ చేస్తానంటాడు. మెకానికల్‌లో చేరమంటే మొహం మాడ్చుకుంటున్నాడు. కోపం ఆపుకోలేక వాడి నోట్‌బుక్ చింపేశాను. ఫొటో పంపుతున్నాను, మీరే చూడండి. రెండిట్లో ఏది మేలు? వాడు చేతికందకుండా పోతాడేమోనని నిద్ర పట్టడం లేదు."

అయ్యా, మీ ఉత్తరంలో అసలు మాట ఆ చివరిదే. కోర్సు పేరు ఏటా మారుతుంది, ఈ భయం మాత్రం మారదు. మీ బాబు చేతికందకుండా పోడు. ఆ ధైర్యం నాకు ఇచ్చింది మీరు పంపిన ఫొటోనే.

దాన్ని పెద్దది చేసి చదివాను. మీరు చదివారా? అందులో ఉన్నవి రేసు కారు బొమ్మలు కావు. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ తన కార్లతోనే మన దేశంలో నడిపిన రేసుల కప్ ఏ ఏడాది ఏ కారుతో సాగిందో గడులు గీసి రాసుకున్నాడు. 2010లో పోలో, 1.6 లీటర్ల డీజిల్. 2015లో వెంటో. 2017లో అమియో, 1.8 లీటర్ల పెట్రోల్, 205 హార్స్‌పవర్. చిరుగు పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్న: "డీజిల్ ఇంజిన్ బరువంతా ముందు చక్రాల మీదే కదా, మలుపులో ఏం చేసి ఉంటారు?" ఇంటర్ కుర్రాడు ఎవరూ చెప్పకుండా ఈ ప్రశ్న వేసుకున్నాడంటే, తండ్రిగా మీరు చేయాల్సింది చింపడం కాదండీ. తప్పు చేశారు.

ఇక వాడికి చెప్పాల్సిన మాట. టూరింగ్ కార్ రేసులంటే రోడ్డు మీద తిరిగే కార్లనే రేసుకు తగ్గట్టు మార్చి నడిపే పోటీలు. వాటిలో కింది మెట్టు సిరీస్‌ల ఆయుష్షు తక్కువ. 2005లో యూరప్ ఛాంపియన్‌షిప్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ అయ్యాక, చిన్న టీముల కోసం దాని కింద యూరోపియన్ టూరింగ్ కార్ కప్ మొదలైంది. 2017తో అది ఆగిపోయింది. పైనున్న ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా ఆ ఏడాదే ఆఖరు. 2018 నుంచి దాని స్థానంలో టీసీఆర్ అనే నిబంధనల ప్రకారం కట్టే తక్కువ ఖర్చు కార్ల పోటీ వచ్చింది. మన పోలో కప్ లాంటివైతే కంపెనీ దయ మీద నడిచేవి. ప్రచారం కావాలనుకున్నన్నాళ్లే ఉంటాయి.

విశాఖ కుర్రాడు శైలేష్ బొలిశెట్టి పోలో కప్‌లో నడిపి బ్రిటన్ దాకా వెళ్లాడని మీ బాబు అంటాడు. నిజమే, మనకు గర్వకారణం. కానీ డ్రైవర్ సీటుకు సీజన్‌కు లక్షలు పోయాలి. ఆ డబ్బు మన ఇళ్లల్లో ఉండదు, అప్పు చేసి పెట్టేదీ కాదు. అందరికీ ఒకే రకం కారు ఇచ్చే కప్‌లో, ఇరవై కార్లనూ తేడా లేకుండా సిద్ధం చేసే షెడ్డు వేరే ఉంటుంది. మీ బాబు పెన్సిల్ ప్రశ్నకు జవాబు ఆ షెడ్డులో ఉంది. సిరీస్ మూతపడినా ఆ పని తెలిసినవాడికి బస్సుల కంపెనీలోనో ట్రాక్టర్ల కంపెనీలోనో చోటు ఉంటుంది.

మోటార్‌స్పోర్ట్ అని పేరు పెట్టిన డిగ్రీల మీద నాకు నమ్మకం తక్కువ. బ్రోచర్‌లో రేసు కారు చూసి చేరిన నా విద్యార్థి ఒకడు, మూడో ఏడాదికి కూడా ఆ కారు కాలేజీలో ఎక్కడా కనబడలేదని ఫోన్ చేసి ఏడ్చాడు. ఫీజు మాత్రం మామూలు బీటెక్‌కు రెండింతలు. అందుకే మెకానికల్ అంటున్నాను. మీ ఊళ్లోనే జీఎంఆర్ఐటీ ఉంది, చింతలవలసలో ఎంవీజీఆర్ ఉంది, విజయనగరంలో జేఎన్‌టీయూ ఉంది. చేరే ముందు ఒక్కటే అడగండి: బాహా, సుప్రా అనే కాలేజీ పిల్లల పోటీలకు పిల్లలు సొంతంగా కారు కట్టే టీమ్ ఉందా, వాళ్లకు వర్క్‌షాప్ తాళం ఇస్తారా? ర్యాంకు గురించి నేను చెప్పను, అది మీకు నాకంటే బాగా తెలుసు.

ఈలోగా ఆ కాగితాలు టేపుతో అంటించి వాడి చేతికివ్వండి. పరీక్షలయ్యాక, రేసు ఉన్న వారం చూసుకుని వాడితో చెన్నై రైలెక్కండి. ఆ ఊరి దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాక్ 1990 నుంచి ఉంది. స్టాండ్‌లో కూర్చోకుండా, వీలైతే టీముల షెడ్ల వైపు తీసుకెళ్లి వాడు ఎవర్ని ఏం అడుగుతాడో పక్కన నిలబడి వినండి.