నిద్రమాత్ర వేసుకుంటే గుండె దడ పోతుందా?

ప్రశ్న: మాది బరంపురం. నాకు 43 ఏళ్లు. ఇంట్లోనే అప్పడాలు, వడియాలు, పచ్చళ్లు చేసి షాపులకు వేస్తాను. వానలు పట్టుకున్నాక సరుకు ఎండటం లేదు, షాపుల వాళ్లు బాకీలు తీర్చడం లేదు. గ్రూపు లోను కిస్తీ మాత్రం వారం వారం కట్టాల్సిందే. రాత్రి మూడింటికి మెలకువ వస్తుంది, ఇక నిద్ర పట్టదు, గుండె దడగా ఉంటుంది. మెడికల్ షాపులో ఇచ్చిన అల్‌ప్రజోలమ్ మాత్ర నెల రోజులుగా రోజూ వేసుకుంటున్నాను. ఇంట్లో వాళ్లు ‘ఉత్త టెన్షన్’ అంటున్నారు. ఈ మాత్ర ఇలాగే వాడొచ్చా?

సలహా: వాడకూడదమ్మా. అలాగని ఈ రాత్రి నుంచే మానేయకండి. నెల రోజులు వాడాక ఒంటికి అది అలవాటైపోయి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే దడ, నిద్రలేమి ఇంకా ఎక్కువవుతాయి, అరుదుగా ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు ఇది. పైగా తెల్లవారినా మత్తు వదలకపోతే, మరిగే నూనె దగ్గర పని చేసేవాళ్లకు ఎంత ప్రమాదమో మీకు తెలియంది కాదు.

టెన్షన్ ఉన్న మాట నిజమే కావచ్చు. కానీ పరీక్షలు చేయించకుండా ఆ మాట అనేయడం నాకు నచ్చదు. హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గినా, థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడ వస్తుంది. మీ వయసులో నెలసరి సమయంలో రక్తం ఎక్కువ పోవడం మామూలే, సిగ్గుపడకుండా ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. రక్త పరీక్ష, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, బీపీ, ఈసీజీ చాలు. ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి మీ ఊళ్లోనే ఉంది. మాత్రల స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి.

బీపీ సంగతి ప్రత్యేకంగా ఎందుకంటున్నానంటే, పచ్చళ్లు పెట్టేవాళ్లు తీరిక లేక ఆ పచ్చడితోనే రెండు ముద్దలు తినేసి పనిలో పడతారు. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు తినాలి. టీ కూడా మధ్యాహ్నం దాటాక వద్దు. సాయంత్రం తాగిన టీ ప్రభావం పడుకునే వేళకూ సగం మిగిలే ఉంటుంది.

ఇక డబ్బు విషయం. డాక్టర్‌కు దీంతో ఏం పని అనుకోకండి, మూడింటికి మిమ్మల్ని లేపుతున్నది బహుశా ఈ లెక్కలే. ఎవరెంత బాకీ, కిస్తీ ఎంత, ఎప్పుడు కట్టాలి అన్నీ సాయంత్రమే పుస్తకంలో రాసి మూసేయండి. పాత బాకీలో కొంతైనా ఇచ్చాకే కొత్త సరుకు వేయండి. మొహమాటం అడ్డొస్తుందని తెలుసు, అయినా వానాకాలం వరకైనా ఈ పద్ధతి పెట్టుకోండి. వసూలు వాళ్లు వేళ కాని వేళ ఫోన్ చేస్తుంటే భయపడకండి. రిజర్వ్ బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం మీ గ్రూపు లోను లాంటి మైక్రోఫైనాన్స్ (చిన్న మొత్తాల) అప్పు వసూలు కోసం ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. అప్పులన్నిటికీ కలిపి కట్టేది ఇంటి నెల ఆదాయంలో సగం దాటకుండా చూసే అప్పు ఇవ్వాలి. మీది దాటుతుంటే, పాత కిస్తీ కోసం ఇంకోచోట కొత్త అప్పు మాత్రం చేయకండి.

రాత్రి మెలకువ వస్తే ఫోన్ చూడొద్దు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. ఐదు నిమిషాలు చేస్తే దడ కొంత సర్దుకుంటుంది. ఎంతకీ నిద్ర రాకపోతే లేచి కాసేపు కూర్చుని, కళ్లు బరువెక్కాక పడుకోండి.

రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా మానసిక వైద్యులను కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. దడతో పాటు ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం, దవడకో వీపుకో పాకే నొప్పి ఉంటే మాత్రం టెన్షన్ అని కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.