డిటెక్టివ్ నవలల సిరీస్ సొంతంగా వేసుకుంటే గిట్టుబాటవుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మీది బొబ్బిలి. ఒకే డిటెక్టివ్‌తో మూడు నవలలు రాసి పెట్టుకున్నారు. పబ్లిషర్లు ఉలకడం లేదు, పలకడం లేదు. మొదటిది వెయ్యి కాపీలు వేయించి, ఫేస్‌బుక్‌లో డబ్బు పెట్టి ప్రచారం చేసి, అది అమ్ముడుపోయాక మిగతా రెండూ తేవాలనుకుంటున్నారు.

నాది శ్రీకాకుళం. పలాస రైల్వే పోలీస్ స్టేషన్లో పనిచేసే ఒక హెడ్ కానిస్టేబుల్‌ని హీరోగా పెట్టి క్రైమ్ నవలలు రాస్తున్నాను, సొంతంగానే వేసుకుంటున్నాను. దీంతో ఇల్లు గడవదు, అందుకు ఉద్యోగం ఉంది. కానీ ఒక్కో పుస్తకం దాని ఖర్చు అది రాబట్టుకుని, తర్వాతి దానికి పెట్టుబడి ఇస్తోంది. ఆ మేరకు చెప్తాను.

ముందు ఆ వెయ్యి కాపీల ఆలోచన మానుకోండి. ప్రెస్ వాళ్ళు వెయ్యి వేయించమనే అంటారు, వాళ్ళ లెక్క తప్పు కాదు. ఆఫ్‌సెట్‌లో ప్లేట్లకీ మెషిన్ సెట్టింగ్‌కీ అయ్యే ఖర్చు వంద కాపీలకైనా వెయ్యి కాపీలకైనా ఒకటే, కాబట్టి ఎక్కువ వేసేకొద్దీ కాపీ ధర దిగుతుంది. అమ్ముడుపోనివి మంచం కింద చెదలు పడుతుంటే ఆ ధర ఎంత దిగితే మనకేం ఒరిగింది? డిజిటల్ ప్రింటింగ్‌లో ప్లేట్లు ఉండవు. కాపీకి కొంచెం ఎక్కువ పడుతుంది గానీ వందే వేయించుకోవచ్చు, అయిపోతే మళ్ళీ వేయించుకోవచ్చు. ఒక్క నవల వెయ్యి కాపీలకి పెట్టే డబ్బుతో మూడు నవలలూ తక్కువ తక్కువ కాపీలు తెచ్చేయండి.

ఎందుకంటే సిరీస్‌లో మొదటి పుస్తకం మీద లాభం చూడకూడదు. రెండోదాన్ని అమ్మిపెట్టడమే దాని పని. డిటెక్టివ్ నవల చదివేవాడు రాత్రి పూర్తి చేసి, ఆ ఊపులోనే తర్వాతిది ఎక్కడ దొరుకుతుందని వెతుకుతాడు. దొరక్కపోతే పొద్దున్నకి మర్చిపోతాడు. మీ పద్ధతిలో మొదటిది అమ్ముడయ్యేదాకా రెండోది రాదు. రెండోది లేదు కాబట్టి మొదటిది కదలదు. మొదటిది వచ్చిన నెలా రెండు నెలల్లో రెండోది, ఆ వెంటనే మూడోది వచ్చేలా చూసుకోండి. మొదటి పుస్తకంలో కథ ముగిసిన పేజీ తిప్పగానే కృతజ్ఞతలు కాదు, రెండో నవల మొదటి అధ్యాయం ఉండాలి. దాని చివర ఆర్డర్ చేయడానికి మీ వాట్సాప్ నంబరు, క్యూఆర్ కోడ్.

మొదటి నవలని ప్రతిలిపి యాప్‌లో సీరియల్‌గా ఉచితంగా పెట్టేయమని కూడా నా సలహా. మీ కడుపు మండుతుందని తెలుసు. కానీ తెలుగులో క్రైమ్, హారర్ సీరియల్స్ చదివేవాళ్ళు అక్కడ వెతక్కుండానే దొరుకుతారు. నవలని ఉన్నదున్నట్టు ముక్కలు చేసి పెడితే మాత్రం నడవదు, ప్రతి భాగం ఒక ముడి దగ్గర ఆగాలి. ఆ ఆపడం నేర్చుకోవడానికి మా ఊళ్ళో కథానిలయానికి ఒకసారి రండి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథల కోసం పెట్టిన గ్రంథాలయం అది, నవలల కోసం కాదు. కానీ అక్కడ పాత పత్రికల సంచికలు ఉంటాయి. వారం వారం సీరియల్‌ని ఏ వాక్యం దగ్గర తెంపేవారో వరసగా నాలుగు సంచికలు చూస్తే తెలిసిపోతుంది.

అమెజాన్ వాళ్ళు ఈబుక్స్ అమ్మే కిండిల్ గురించి చాలామంది అడుగుతారు. 2016 డిసెంబరులో కిండిల్‌లోకి వచ్చిన భారతీయ భాషలు ఐదు: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. వాటిలో తెలుగు లేదు. అప్‌లోడ్ చేసే ముందు వాళ్ళ భాషల జాబితా మీరే ఒకసారి తెరిచి చూసుకోండి. వేరే భాష పేరు పెట్టి ఎక్కించెయ్యమని చెప్పేవాళ్ళుంటారు, ఆ జోలికి పోకండి. ఎప్పుడో ఒకరోజు పుస్తకం తీసేస్తే దాని కింద వచ్చిన రివ్యూలూ పోతాయి.

కంప్యూటర్లో టైప్ చేసి పేజీలు పెట్టే డీటీపీ పని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎవరూ చెప్పరు కాబట్టి. మన వైపు డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతోనే కొట్టేవాళ్ళున్నారు. అచ్చుకి బాగానే ఉంటుంది. అదే ఫైల్‌లోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టి చూడండి, తెలుగు పోయి పిచ్చి గుర్తులొస్తాయి. అది యూనికోడ్ కాదు, అంటే ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి కాదు. కన్వర్టర్లు ఉన్నాయి గానీ మార్చాక మళ్ళీ అక్షరమక్షరం ప్రూఫ్ చూడాల్సిందే. ఈబుక్, ప్రతిలిపి, ఫేస్‌బుక్ అన్నిటికీ ఒకే ఫైల్ పనికిరావాలంటే మొదటి నుంచీ యూనికోడ్‌లోనే ఉండాలి. మీరు ఫోన్లో టైప్ చేసినా అది యూనికోడే, దాన్ని అనులో మళ్ళీ కొట్టనివ్వకండి. పేజీలు ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టేటప్పుడు వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయమని గుర్తు చేయండి. లేకపోతే ఒత్తులు అక్షరం కింద కుదురుకోకుండా విడిపోతాయి. ఫాంట్లకి డబ్బు పెట్టక్కర్లేదు. మండలి, సురన్న, రామభద్ర లాంటివి అచ్చుకి కూడా ఉచితంగా వాడుకోవచ్చు. గురజాడ, గిడుగు పేర్లతో కూడా ఫాంట్లున్నాయి. మన జిల్లాల వాళ్ళని వాడుకోవాలని నాకూ ఉంటుంది గానీ లోపలి పేజీలకి నా ఓటు మండలికే.

పేజీలు పదహారు గుణిజంలో ఉండేలా చూసుకోండి. మామూలు నవల సైజైన డెమీ 1/8లో పదహారు పేజీలు ఒక ఫారం, 192 పేజీలంటే పన్నెండు ఫారాలు. ప్రెస్ వాళ్ళు ఆ లెక్కలోనే మాట్లాడతారు. పేజీల సంఖ్య, కాగితం మందం ఖాయం కాకుండా కవర్ ఫైనల్ చేయించకండి, స్పైన్, అంటే పుస్తకం వీపు, వెడల్పులో తేడా వస్తుంది. మూడు కవర్లూ ఒకే ఆర్టిస్టు చేత, ఒకేసారి చేయించండి. ఫోన్లో గోరంత సైజులో చూసినా పేరు చదవగలగాలి. స్పైన్ మీద పెద్ద అంకె వేయండి. ఇది నాకు మా ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర పత్రికలమ్మే ఆయన చెప్పిన మాట. "పేరెవుడు గుర్తెట్టుకుంటాడు బావూ, అంకె ఎయ్యండి. మూడు సదివినోడు నాలుగేదని ఆడే అడుగుతాడు" అన్నాడు. ఇంతకన్నా పనికొచ్చే మార్కెటింగ్ సలహా నాకెవరూ ఇవ్వలేదు.

పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్‌కి ఎవరైనా డబ్బడిగితే అక్కడే ఆగండి. మన దేశంలో అది ఉచితం. రాజా రామమోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో రచయితే దరఖాస్తు చేసుకోవచ్చు. నాకు ఒక కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి 'బెస్ట్ సెల్లర్ ప్యాకేజీ' అని చదివిన జాబితాలో మొదటి ఐటమ్ ఐఎస్‌బీఎన్, రెండోది కాపీరైట్. కాపీరైట్ అయితే రాసిన క్షణం నుంచే మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కావాలనుకుంటే సాహిత్య రచనకి ప్రభుత్వ ఫీజు 500 రూపాయలు. మిగతా ఐటమ్స్ సంగతి మీరే ఊహించుకోండి. పుస్తకం అచ్చయ్యాక కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకి తలా ఒక కాపీ ముప్పై రోజుల్లోగా పంపాలని 1954 నాటి చట్టం ఉంది. ఆ నాలుగూ లెక్కలో వేసుకోండి.

ఆడియో యాప్‌ల వాళ్ళు అడిగితే సంతోషమే, ఒప్పందం మాత్రం పూర్తిగా చదవండి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ కాగితం మీద సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్ళని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని అర్థం. సిరీస్ రాసేవాళ్ళు ఇంకోటి చూడాలి. మొదటి నవల ఆడియో హక్కులతో పాటు ఆ పాత్రతో వచ్చే తర్వాతి కథల మీద కూడా హక్కు అడిగే వాక్యం ఎక్కడైనా ఉందా అని. ఉంటే కొట్టేయించండి. ఒక్క పుస్తకం పోతే పోయింది, డిటెక్టివ్ పోతే సిరీసే పోతుంది.

పోస్టు ఖర్చు చిన్నదిగా కనిపిస్తుంది గానీ లాభం తినేసేది అదే. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 70 గ్రాములు) కాగితం మీద 192 పేజీల డెమీ పుస్తకం దాదాపు 220 గ్రాములు తూగుతుంది. 2025 సెప్టెంబరు నుంచి రిజిస్టర్డ్ పోస్ట్‌ని స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు. స్పీడ్ పోస్ట్‌లో 250 గ్రాముల దగ్గర ఒక మెట్టు, 500 దగ్గర ఇంకొకటి. పల్చటి కవర్లో పెడితే ఒక పుస్తకం ఆ 250 మెట్టులోనే వెళ్ళిపోతుంది, అట్టపెట్టెలో పెడితే దాటుతుంది. అమ్మేది మాత్రం ఎప్పుడూ సెట్‌గా అమ్మడానికే చూడండి, మూడింటికీ కలిపి ఒక్క పార్సిల్, ఒక్క ప్యాకింగ్.

ఇక ఫేస్‌బుక్ ప్రకటనలు. లైకులొస్తాయి, కొనేవాళ్ళు రారు. నాకు పనిచేసింది ఊరి పేరు. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం నుంచి వెళ్ళి హైదరాబాదులో, చెన్నైలో ఉంటున్నవాళ్ళ గ్రూపులున్నాయి కదా, వాటిలో పలాస ప్లాట్‌ఫాం మీద జరిగే సీను ఒక్కటి, మా యాసలో ఉన్న సంభాషణలతో సహా పెట్టాను. 'కొనండి' అని అడగలేదు. పుస్తకం ఎక్కడ దొరుకుతుందని వాళ్ళే కామెంట్లలో అడిగారు. మీ కథ ఎక్కడ జరుగుతుందో మీరు రాయలేదు. బొబ్బిలి కోట చుట్టుపక్కలో, గొల్లపల్లిలో వీణలు చేసే ఇళ్ళలోనో ఒక్క సీనైనా ఉంటే మీ ప్రచారానికి అదే ముడిసరుకు. లేకపోతే రెండో నవలలోనైనా పెట్టండి, ఇంకా అచ్చు కాలేదు కదా.

షాపుల్లో పెడితే ముప్పై నుంచి నలభై శాతం కమిషన్ అడుగుతారు, డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. ధర వేసేటప్పుడే అది కలుపుకోండి. విజయవాడ పుస్తక మహోత్సవం జనవరిలో. సొంత స్టాల్ మన వల్ల కాదు, ఇంకో ఇద్దరు ముగ్గురు రచయితలతో పంచుకోండి. అక్కడికి మూడూ తీసుకెళ్ళాలంటే డిసెంబరు మొదటి వారానికల్లా చేతిలో ఉండాలి. దసరా దాటితే ప్రెస్సులన్నీ క్యాలెండర్లు, డైరీల ఆర్డర్లతో మునిగిపోతాయి, మన వంద కాపీలని ఎవరూ పట్టించుకోరు. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి మీరు విజయనగరం వచ్చే వేళకి ఫైనల్ ప్రూఫ్ అయిపోయి ఉండేలా చూసుకోండి.